కిటుకంతా మోకాళ్ళలోనే ఉంది

కెందామా చేతిలో పట్టుకునే వస్తువే గానీ చేత్తో ఆడే ఆట కాదు. ఈ సంగతి జపాన్‌లో మూడో తరగతి పిల్లలకి కూడా తెలుసు. నలభై దాటిన తెలుగువాడికి తెలియాలంటే మాత్రం ఒక కుటుంబ వాట్సాప్ గ్రూపూ, మడతపెట్టిన ఒక పరుపూ, పేరు రాయని ఒక నోటీసూ కావాల్సి వచ్చాయి.

వస్తువుని చూసి ఎవరూ భయపడరు. సుమారు 16 సెంటీమీటర్ల పొడుగున్న చెక్క పిడి. దాని ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొసన చిన్న గుంట ఉంటుంది. మొనకి కాస్త కిందుగా అడ్డంగా ఇంకో చెక్కముక్క, దానికి అటొక పెద్ద గిన్నె, ఇటొక చిన్న గిన్నె. ఈ పిడిని కెన్ అంటారు. దీనికి జానెడున్నర దారంతో కట్టిన 6 సెంటీమీటర్ల చెక్క బంతి తామా. బంతికి ఒక రంధ్రం. బంతిని ఎగరేసి గిన్నెలో పట్టాలి, లేదా మొనని రంధ్రంలోకి దింపాలి. అంతే. "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది. ఆ అనిపించడంతోనే మనిషి ఇరుక్కుంటాడు.

ఇలా ఇరుక్కున్నవాళ్ళలో రాజులు కూడా ఉన్నారు. ఫ్రాన్స్‌లో దీని అన్నగారి పేరు బిల్బొకే. 16వ శతాబ్దంలో మూడో హెన్రీ మహారాజు దాన్ని చేత్తో పట్టుకుని వీధుల్లో కూడా ఆడుకుంటూ తిరిగేవాడట. ఎడో కాలం జపాన్‌లో ఇది మందు పార్టీల ఆట. 1809లో అచ్చయిన ఒక పుస్తకంలో ఆడే పద్ధతి బొమ్మతో సహా ఉంది. బంతి పడనివాడికి శిక్ష ఏమిటయ్యా అంటే, ఇంకో పాత్ర తాగడం. ఆ నియమం పెట్టుకున్నాక గెలవాలని ఎవరు ఆడతారో నాకు అర్థం కాదు. తాగినకొద్దీ బంతి పడదు, పడనికొద్దీ తాగాలి. ఇంత పకడ్బందీగా రాసుకున్న రూల్సు మన పేకాట క్లబ్బుల్లో కూడా లేవు.

దాన్ని పిల్లల చేతిలో పెట్టినవాడు హిరోషిమా ప్రాంతంలోని కురే ఊరివాడు, ఎగుసా హమాజి. ఇప్పుడు మనం చూసే ఆకారాన్ని ఆయనే దిద్ది, 1919లో తన పేర నమోదు చేయించుకున్నాడు. బంతి సూర్యుడు, గిన్నెలు నెలవంకలు అని ఊహించి 'సూర్యచంద్రుల బంతి' అని పేరు పెట్టాడు. 1921 నుంచి అదే ప్రాంతంలోని హత్సుకాయిచిలో తయారీ మొదలైంది. చెక్కని తరిణె పట్టడంలో ఆ ఊరివాళ్ళది అందె వేసిన చేయి. 2014 నుంచి కెందామా ప్రపంచ కప్పు అక్కడే జరుగుతోంది. సముద్రంలో నిలబడ్డ ఎర్ర తోరణంతో క్యాలెండర్లలో కనిపించే మియాజిమా ద్వీపం కూడా ఆ ఊరి కిందికే వస్తుంది.

మేం తోక్యోలోని నిషికసాయ్‌లో ఉంటాం. అక్కడ రైలు దిగితే ఇడ్లీ రవ్వ దొరుకుతుంది, ప్లాట్‌ఫాం మీద తెలుగు వినబడుతుంది. సెలవుల్లో మియాజిమా చూడ్డానికి వెళ్ళినప్పుడు ఇండియా ప్రయాణం దగ్గర్లోనే ఉంది కదా అని కానుకలు వెతికాను. చెక్కవి, తేలికైనవి, సూట్‌కేసులో పగలనివి, తినేవి కావు కాబట్టి "ఇందులో గుడ్డుందా?" అని ఎవరూ అడగనివి. అన్ని లక్షణాలూ కెందామాలోనే కనిపించాయి. అరడజను కొని, ఆ వేసవిలో రాజమండ్రిలో అందరూ కలిసినప్పుడు ఇంటికొకటి చొప్పున పంచాను. న్యూజెర్సీ అక్కావాళ్ళకొకటి, హైదరాబాద్‌లో ఉండే మా పిన్ని కొడుక్కొకటి, విశాఖపట్నం మావయ్యకొకటి. పుచ్చుకున్నవాళ్ళందరూ "బాగుందిరా" అని షోకేసుల్లో పెట్టేశారు. అక్కడితో పోయేది.

పోలేదు. ఒక శనివారం పొద్దున్న మా బావగారు గ్రూపులో వీడియో పెట్టారు. న్యూజెర్సీలో వాళ్ళింటి నేలమాళిగ. చేతిలో ఎర్ర బంతి, దాని కింద దారానికి వేలాడుతున్న కెన్. ఒక్కసారి పైకి లాగారు. కెన్ లేచింది, బంతి దాని కిందికి జరిగింది, కెన్ వచ్చి బంతి నెత్తి మీద నిటారుగా నిలబడింది. కింద రాత: "లైట్‌హౌస్ ఛాలెంజ్. మూడు సెకన్లు నిలబడాలి. వీడియో లేనిదే ఒప్పుకోం. జపాన్ బ్రాంచి ఎక్కడ?"

జపాన్ బ్రాంచి అంటే నేను.

లైట్‌హౌస్ సంగతి తెలిసినవాళ్ళు అలా తేలిగ్గా సవాలు విసరరు. జపాన్ కెందామా సంఘాన్ని 1975లో ఫుజివారా ఇస్సెయ్ అనే పిల్లల రచయిత స్థాపించారు. వాళ్ళ పరీక్షల్లో 10వ క్యూ నుంచి 1వ క్యూ దాకా మెట్లుంటాయి. పెద్ద గిన్నె, చిన్న గిన్నె అంటూ బుద్ధిగా మొదలవుతుంది. తాబేలు పాట పాడుకుంటూ, ఆ తాళానికి పెద్ద గిన్నెకీ అడుగు గుంటకీ మధ్య బంతిని గెంతించడం ఒకటుంది. లైట్‌హౌస్ మాత్రం పై మెట్ల దగ్గర కాపు కాసి ఉంటుంది. మిగతా వాటిల్లో చాలావరకు పిడి పట్టుకుని బంతిని ఆడిస్తాం. ఇందులో బంతిని పట్టుకుని పిడిని నిలబెట్టాలి. గుండ్రటి దాని మీద పొడుగాటిది. పైగా ఆ అడ్డుచెక్క మొన దగ్గర ఉండటంతో బరువంతా పైనే. కింద ఆధారం ఏమిటంటే, అడుగు గుంట అంచు ఒక్కటే.

నేను మొదలుపెట్టాను. బంతిని మూడు వేళ్ళ కొసలతో పట్టుకుంటే కెన్ కింద వేలాడుతుంది. వేలాడి ఊరుకోదు. దారం మెలికలన్నీ విప్పుకుంటూ నెమ్మదిగా ఒక వైపు తిరుగుతుంది. ఆగుతుంది. ఆగిందనుకునేలోపు రెండో వైపు తిరగడం మొదలుపెడుతుంది. అది పూర్తిగా నిలకడగా ఉన్నప్పుడు లాగకపోతే పైకి వచ్చేటప్పుడు కూడా తిరుగుతూనే వస్తుంది. కాబట్టి వంగి దాని వంకే చూస్తూ నిలబడాలి. ఆ టైములో మా ఆవిడ వచ్చి, "ఏమండీ, కరెంటు బిల్లు కట్టారా?" అని అడిగితే తల ఊపకూడదు. తల ఊపితే చెయ్యి ఊగుతుంది. చెయ్యి ఊగితే మొదటికి రావాలి.

లాగాక ఏమవుతుందనేది మూడు రకాలు. కెన్ బంతిని తాకకుండా పక్కనించి పోయి మణికట్టు మీద కొడుతుంది. లేదా బంతి నెత్తి మీదికి సరిగ్గా వచ్చి, 'టక్' మని ఎగిరి, వేలి కణుపుల మీద కొడుతుంది. అన్నిటికన్నా బాధాకరమైంది మూడోది. కెన్ వచ్చి నిలబడుతుంది, నిలబడినట్టు మనకి నమ్మకం కలిగిస్తుంది, ఆ సంతోషంలో మనం ఊపిరి వదలగానే పడిపోతుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా కంగారులో చేతిలోని బంతి కూడా జారి, రెండూ కలిసి నేల మీద పడతాయి.

మా అపార్ట్‌మెంట్ నేల చెక్కది. మా నేలే కింది వాళ్ళకి కప్పు. వారం తిరక్కుండా లిఫ్టు పక్కన బోర్డులో ఒక కాగితం వెలిసింది. చాలా మర్యాదగా ఉంది. "ఈ మధ్య రాత్రిపూట గట్టి వస్తువులు నేల మీద పడుతున్న శబ్దాలు వినిపిస్తున్నట్టు తెలియవచ్చింది. నివాసులందరూ కాస్త గమనించుకోవలసిందిగా విన్నపం." ఎవరి పేరూ లేదు, ఇంటి నంబరూ లేదు. రాజమండ్రిలో అయితే కింది వాటావాళ్ళు పైకి వచ్చి, "ఏంటండీ, పచ్చడి నూరుతున్నారా?" అని అడిగి, ఓ గిన్నెడు పట్టుకెళ్ళేవాళ్ళు. ఇక్కడ నోటీసు చదివే ప్రతివాళ్ళూ తల పంకిస్తూ నా వంక చూడకుండా చూశారు. ఆ రాత్రి నుంచి పరుపు నాలుగు మడతలు వేసి, దాని ముందు నిలబడి సాధన చేశాను. మా ఆవిడ పడుకోవడానికి పరుపు అడిగితే "ఇంకొక్కసారి" అనేవాణ్ణి.

ఈలోగా గ్రూపులో సలహాలు పోటెత్తాయి. కెందామాని షోకేసులోంచి దింపనివాళ్ళంతా సలహాలకి దిగారు. ఊపిరి బిగపట్టమని ఒకరు, వదలమని ఒకరు. ఎడమచేత్తో ప్రయత్నించమని మా అక్క. మావయ్య మాత్రం సూటిగా అడిగాడు: "మా డాల్ఫిన్స్ నోస్ మీద లైట్‌హౌస్ హుద్‌హుద్ తుఫానుకి కూడా పడలేదురా. నీది ఎందుకు పడుతోంది?" దానికి నా దగ్గర జవాబు లేదు.

అమ్మ రాజమండ్రి నుంచి వీడియో కాల్ చేసింది. "చిన్నప్పుడు నీకు బొంగరమే తిరగలేదు. ఇప్పుడిదెందుకురా? పోనీ కూర్చుని ఆడకూడదూ? అసలే మోకాళ్ళు బాగోవంటావు."

ఆ మోకాళ్ళ విషయం కొంచెం వివరించాలి. మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం అంటే సంకల్పం దగ్గర్నుంచి అయిదో కథ దాకా పీట మీద బాసింపట్టు వేసుక్కూర్చోవాలి. కొన్నేళ్ళ కిందట ఒక వ్రతంలో మా బావగారు మోకాలు పట్టుకుని "అబ్బా" అన్నారు. అల్లుడుగారు కదా, వెంటనే ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది. మరుసటి ఏడాది నేనూ "అబ్బా" అన్నాను. రెండో కుర్చీ వచ్చింది. అప్పట్నుంచీ మా వ్రతాల ఫోటోలన్నిటిలోనూ అందరూ కింద, మేమిద్దరం పైన. మోకాళ్ళు వంగవన్నది మా ఇంట్లో స్థిరపడిపోయిన సత్యం.

అంతలో హైదరాబాద్ తమ్ముడి వీడియో వచ్చింది. అద్భుతం. కెన్ గాల్లోకి లేచి, తొణక్కుండా బెణక్కుండా బంతి మీద నిలబడి, కదిలితే ఒట్టు. గ్రూపంతా చప్పట్ల బొమ్మలు. నేను నాలుగైదు సార్లు చూసి, ఆఫీసులో కూడా చూసి, కుంగిపోయాను. సాయంత్రం మా అమ్మాయి చూసింది. బడి అయ్యాక పిల్లలుండే క్లబ్బులో దానికి కెందామా రోజూ ఉండేదే. ఒక్కసారి చూసి, "నాన్నా, బాబాయి వెనకాల గడియారం చూడు" అంది. గోడ గడియారంలో సెకన్ల ముల్లు కుడి నుంచి ఎడమకి తిరుగుతోంది. తమ్ముడు కెన్‌ని చేత్తో నిలబెట్టుకుని, పడేసి, ఆ వీడియోని వెనక్కి తిప్పి పంపించాడు. నిలదీస్తే, "అన్నయ్యా, నిలబడాలన్నారు, ఎటునుంచి నిలబడాలో చెప్పలేదు" అన్నాడు.

వాణ్ణి పూర్తిగా తప్పుపట్టలేను. ఈ దేశంలో డిసెంబర్ 31 రాత్రి ఎన్‌హెచ్‌కే టీవీలో జరిగే పాటల పండగ ఇంటిల్లిపాదీ చూస్తారు. అందులో మియామా హిరోషి అనే గాయకుడు పాడుతుంటే, వెనక వందమందికి పైగా వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరు బంతిని పెద్ద గిన్నెలో పడతారు. గిన్నిస్ రికార్డు కోసం. 2017లో మొదటిసారి ప్రయత్నిస్తే మధ్యలో తప్పింది. 2018లో 124 మందీ పట్టారు. 2023లో రికార్డు బద్దలైందని ప్రకటించారు. జనం ఇళ్ళల్లో వీడియో మళ్ళీ వేసుకుని చూస్తే వరసలో ఒకాయనకి బంతి పడనేలేదు. రికార్డు రద్దు. దేశమంతా చూస్తుండగా అక్కడున్న న్యాయనిర్ణేతలకి కనబడంది, సోఫాలో కూర్చుని చలికాలపు నారింజ వలుచుకుంటున్నవాళ్ళకి కనబడింది. పాటకి పదహారణాల మార్కులు పడ్డా బంతికి పడలేదు. అలాంటిది, మా గడియారపు ముల్లు దొరక్కుండా పోతుందా?

దాంతో బావగారు నిబంధనలు బిగించారు. వెనక గడియారం ఉండాలి. అది ముందుకి నడవాలి. మనిషి మొహం కనపడాలి. నాకు ఇక్కడే అసలు గండం. కెమెరా లేనప్పుడు అప్పుడప్పుడూ నిలబడే కెన్, ఫోను రికార్డింగులో పెట్టగానే ముఖం చాటేసేది. ఎర్ర చుక్క వెలిగిందంటే నా చెయ్యి నాది కాదు. అది బావగారిదీ, మావయ్యదీ, గ్రూపులో ఉన్న అందరిదీ అయిపోయేది. మొహం కూడా కనపడాలన్నారు కదా, దాన్ని ప్రశాంతంగా ఉంచడానికే సగం శక్తి ఖర్చయ్యేది. కెన్ పడిపోయిన తర్వాత కూడా నా మొహం గెలిచినట్టే ఉండేది.

విషయం తేలింది మా అబ్బాయి వల్ల. వాడికి నాలుగేళ్ళు. అక్క లైట్‌హౌస్ చేస్తుంటే నేల మీద బోర్లా పడుకుని వీడియో తీశాడు. ఫోనుని నిటారుగా పట్టడం వాడికింకా రాదు. దాంతో తెర నిండా అక్క కాళ్ళే. ఎక్కడో పైన అంచులో బంతి. "ఇదేం వీడియోరా" అని తుడిపేయబోయి ఆగాను. ఆ కాళ్ళు పని చేస్తున్నాయి. లాగే ముందు కాస్త వంగాయి. లాగేటప్పుడు నిటారయ్యాయి. కెన్ వచ్చి తగిలే క్షణంలో మళ్ళీ మెత్తగా వంగాయి. చెయ్యి మటుకు దాదాపు ఉన్నచోటే ఉంది.

అప్పుడు గ్రూపులో వచ్చిన వీడియోలన్నీ మళ్ళీ వేసుకుని చూశాను. బావగారిది నడుం దాకా. తమ్ముడిది ఛాతీ దాకా. నేను ఇంటర్నెట్‌లో వెతుక్కుని చూసినవాటిలో చాలావరకు బంతీ మొహమూ. అందరూ కళ్ళకి ఆనేదే తీస్తారు, ఆనేదే చూస్తారు. ఆట మొత్తం చట్రానికి కింద జరిగిపోతోంది. నేను ఇన్నాళ్ళూ చూసి నేర్చుకున్నది విద్యలో పై సగం మాత్రమే.

"ఇది నాకు ముందే ఎందుకు చెప్పలేదే?" అంటే మా అమ్మాయి వింతగా చూసింది. "అందరికీ తెలుసు కదా నాన్నా. మా క్లబ్బులో మొదటి రోజు చెప్పేది అదే. నువ్వు చేతి గురించే అడిగావు."

లెక్క తేలికే. చేత్తో లాగితే చెయ్యి ఎంత కాదన్నా మోచేతి చుట్టూ తిరుగుతుంది, కెన్‌ని పక్కకి ఈడుస్తుంది. మోకాళ్ళతో లేస్తే ఒళ్ళంతా నిట్టనిలువుగా లేస్తుంది, కెన్ కూడా నిట్టనిలువుగానే వస్తుంది. పైకి వెళ్ళిన కెన్ మళ్ళీ కిందికి దిగే ముందు ఒక్క క్షణం గాల్లో ఆగుతుంది. బంతిని దాని కిందికి జరపాల్సింది అప్పుడు. అక్కడితో ఆగితే 'టక్' మని తగిలి ఎగిరిపోతుంది. కెన్‌తో పాటు మనమూ కిందికి దిగాలి. నిద్రపోయిన చంటిపిల్లని ఉయ్యాల్లోకి దించేటప్పుడు మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి చూడండి, అలాగన్నమాట. ఆ తర్వాత కెన్ ఎటు ఒరిగితే బంతిని అటు వెంట్రుకవాసి జరపాలి. మూడు సెకన్లు.

మొత్తం కలిపి చూస్తే ఇది మనకి తెలియని విద్య కాదు. గుంజీళ్ళు! వినాయకచవితికి తీసినవీ, ఎక్కాలు రాకపోతే లెక్కల మాస్టారు తీయించినవీ. జపాన్‌వాళ్ళు చేతికి ఓ చెక్క బొమ్మ ఇచ్చి, పరీక్షలు పెట్టి, పిల్లల చేత సంతోషంగా తీయిస్తున్నారు. మా మాస్టారికి ఈ ఉపాయం తట్టి ఉంటే మా తరగతిలో సగం మంది ప్రపంచ కప్పులో ఉండేవాళ్ళం.

ఆ ఆదివారం ఫోనుని నేల మీద, గోడకి జారేసి పెట్టాను. పాదాల నుంచి తల దాకా కనపడేలా. వెనక గడియారం. ముందు పరుపు. మెలికలు విప్పుకుని కెన్ ఆగేదాకా ఆగాను. వంగాను, లేచాను, దిగాను. కెన్ వచ్చి కూర్చుంది. ఎడమకి ఒరిగింది. బంతి ఎడమకి వెళ్ళింది. కుడికి ఒరిగింది. బంతి వెళ్ళింది. మా అబ్బాయి జపనీస్‌లో లెక్కపెట్టాడు. ఇచి, నీ, సాన్. ఊపిరి వదిలాను. అప్పుడు పడింది, పరుపు మీద, చప్పుడు లేకుండా.

వీడియో గ్రూపులో పెట్టాను. మావయ్య, "తుఫాన్ లేదు కాబట్టి సరిపోయింది" అన్నాడు. తమ్ముడు గడియారాన్ని పెద్దది చేసి చూశానన్నాడు. బావగారు స్టాప్‌వాచ్ పెట్టి, మూడు సెకన్లకి రవ్వంత తక్కువ ఉందనీ, పిల్లాడు తొందరగా లెక్కపెట్టాడనీ అన్నారు. అబ్బాయిది జపాన్ లెక్క, ఇక్కడ రైళ్ళు కూడా ఆ లెక్కకే నడుస్తాయి అని నేను వాదించాను. వాదన రాత్రిదాకా సాగింది. అప్పుడు అమ్మ వాయిస్ మెసేజ్ వచ్చింది.

"ఒరేయ్ నాన్నా, చూశాను. ఆ బొమ్మ ఎంతసేపు నిలబడిందో నాకు తెలీదు గానీ, నీ మోకాళ్ళు ఎంత చక్కగా వంగుతున్నాయిరా! పక్కింటి పిన్నిగారికి కూడా చూపించాను. శ్రావణమాసంలో వస్తారుగా, వ్రతానికి నీ కుర్చీ తీయించేస్తున్నాను. పీట మీద కూర్చుందువుగాని. మోకాళ్ళు నొప్పన్నావంటే ఈ వీడియో అందరికీ వేసి చూపిస్తాను."

గ్రూపు నిశ్శబ్దమైపోయింది. రెండు నిమిషాల తర్వాత బావగారు నాకు విడిగా మెసేజ్ పెట్టారు.

"నా వీడియో నడుం దాకానే ఎందుకు తీశాననుకున్నావు బావా?"